పుటలో ఇమడని చెట్టు: సూరత్ సమాధి నుండి సామర్లకోట చిత్రఫలకాల దాకా

సూరత్ నగరంలో కతార్‌గాం దర్వాజా ప్రాంతాన యూరోపియన్ వర్తక సంఘాలవారి పాత శ్మశానవాటికలు ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఈ సమాధులలో డచ్చివారి భాగాన గుమ్మటంతో, క్రిందా పైనా వసారాలతో నిలిచిన ఒక కట్టడం, తెలియనివారికి ఏ మొగలు సుబేదారుదో అనిపిస్తుంది. ఆంగ్లేయులు ఆక్సెండెన్ సోదరులకు కట్టిన సమాధిని మించాలన్న పట్టుదలతో డచ్చివారు దీనిని నిర్మించారని పాత రచనలు చెబుతాయి. ఇందులో ఉన్నది హెన్‌డ్రిక్ ఆద్రియాన్ వాన్ రీడే. 1670 నుండి 1677 వరకు మలబారులో డచ్చి కంపెనీ కమాండరుగా పనిచేసి, 1684లో కంపెనీ స్థావరాల తనిఖీకి కమిషనర్ జనరల్‌గా నియమితుడై, బెంగాలు, కోరమండల్, సింహళం, మలబారు స్థావరాల లెక్కలు తిరగవేసి, కొచ్చిన్ నుండి సూరత్‌కు వస్తూ 1691 డిసెంబరులో ఓడలోనే మరణించాడు. తనిఖీ అధికారి రాకకోసం కంగారు పడుతున్న సూరత్ ఫ్యాక్టరీవారికి చేరింది ఆయన శవపేటిక. అధికారికి అంత ఘనమైన సమాధి కట్టడంలో గౌరవం పాలెంతో ఊరట పాలెంతో చరిత్రకారులు తేల్చలేదు.

వాన్ రీడే పేరు నేటికీ నిలిచి ఉండటానికి కారణం తనిఖీలు కావు. 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడిన ‘హోర్టుస్ మలబారికుస్’ అనే వృక్షగ్రంథం. చివరి సంపుటాలు ఆయన సూరత్‌లో సమాధి అయిన తరువాత అచ్చయినవి. మొదటి సంపుటం మొదటి పుట తెరిస్తే కనిపించేది కొబ్బరిచెట్టు. తరువాత పోక, ఆ తరువాత తాడి, జీలుగ. అంటే భారతదేశపు వృక్షసంపదను యూరపుకు పరిచయం చేసిన తొలి మహాగ్రంథం తాళ కుటుంబంతో ఆరంభమయింది. ఇది కేవలం యాదృచ్ఛికం కాదు. ఆనాటి యూరోపియనుడికి తూర్పుదేశం అంటే ముందుగా స్ఫురించేది ఓడ మీదినుంచి తీరాన కనిపించే ఈ చెట్ల వరుసే.

అయితే చిత్రకారుడికి ఈ కుటుంబం పెట్టే ఇబ్బంది మరే చెట్టూ పెట్టదు. మందారాన్ని గాని, ఉమ్మెత్తను గాని గీయవలసినవాడు ఒక కొమ్మ విరిచి బల్లమీద పెట్టుకుంటాడు. ఆకు, మొగ్గ, పువ్వు, కాయ అన్నీ ఒకే పుటలో, ఉన్నవి ఉన్నంత పరిమాణంలో దించుతాడు. తాడికి కొమ్మే లేదు. ఎక్కడో 60 అడుగుల పైన ఒక మోవు, దాని చుట్టూ మనిషి చేతులు చాచినా అందని ఆకులు, మట్టల సందున గెలలు. ఒక ఆకును సహజ పరిమాణంలో చూపాలన్నా ఏ కాగితమూ చాలదు. చెట్టు మొత్తాన్ని చూపిస్తే పువ్వు చుక్క అయిపోతుంది. పువ్వును చూపిస్తే చెట్టు మాయమవుతుంది. వృక్షశాస్త్రానికి పువ్వు కావాలి, చూసేవారికి చెట్టు కావాలి. తాళజాతి వృక్షాన్ని చిత్రించిన ప్రతివాడూ దేన్ని వదలాలో ముందుగా నిర్ణయించుకోక తప్పలేదు. ఆ చిత్రాలను సమీక్షించేవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఏది చూపారన్నది కాదు, ఏది వదిలారన్నదే.

వాన్ రీడే చిత్రకారులు ఈ చిక్కును పుటలు పెంచి పరిష్కరించారు. కొబ్బరికి నాలుగు ఫలకాలు, పోకకు నాలుగు, మూడవ సంపుటంలో శ్రీతాళానికి ఏకంగా పన్నెండు. తాడికి రెండు: కాయలు కాచే చెట్టును ‘కరిమ్‌పన’ అని ఒక ఫలకంలోను, కాయని మగచెట్టును ‘ఆమ్‌పన’ అని మరొక ఫలకంలోను వేరువేరు పేర్లతో చూపారు. ఇవి రంగులు లేని రాగి రేకు చెక్కడాలు. చెట్టు రూపం తెలుస్తుంది, ఆకు ముడతలు తెలుస్తాయి. కాని తాటిమట్ట అంచున ఉండే నల్లని రంపపుపళ్ళ నిగారింపు గాని, ముదురు బోదె బూడిదవన్నె గాని తెలియవు. అయినా వీటి ప్రభావం తక్కువది కాదు. 1753లో లిన్నేయస్ జీలుగకు, శ్రీతాళానికి శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు ఆయన ముందున్న ప్రధాన ఆధారం ఈ ఫలకాలే. స్వీడన్‌లో కూర్చున్న పండితుడు ఎన్నడూ నీడన నిలబడని చెట్లకు బొమ్మను చూసి పేరు పెట్టాడు. ఆ పేర్లు నేటికీ చెల్లుబాటు అవుతున్నాయి. చిత్రమే ఇక్కడ సాక్షి, చిత్రమే దస్తావేజు.

ఈ గ్రంథంలో మరొక విశేషముంది. ఫలకాలమీద మొక్కల పేర్లు రోమన్ లిపితోబాటు మలయాళ, అరబిక్, నాగరి లిపులలో చెక్కబడ్డాయి. సమాచారం అందించిన వైద్యుడు ఇట్టి అచ్యుతన్ ఇచ్చిన ధ్రువపత్రం ఆయన భాషలోనే అచ్చయింది. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి పండితుల పేర్లూ ఉన్నాయి. ఇట్టి అచ్యుతన్ ఈళవ కులస్థుడు. కేరళలో కొబ్బరితో, కల్లుగీతతో తరతరాల సంబంధం ఉన్న సమాజమది. కొబ్బరిచెట్టుతో ఆరంభమయిన పుస్తకానికి ఆ సమాజంలోని వైద్యుడొకడు సాక్షి సంతకం చేయడం, అది మూడు శతాబ్దాలు చెరగకుండా నిలవడం చిన్న విషయం కాదు. 2003లో కె.ఎస్. మణిలాల్ గారి ఆంగ్లానువాదాన్ని కేరళ విశ్వవిద్యాలయం ప్రచురించిన తరువాత ఈ పేర్లు మళ్ళీ చదువరుల నోట నానుతున్నాయి.

వాన్ రీడే సమాధి ఉన్న సూరత్‌కు సొంత తాళవృక్షాలు లేకపోలేదు. నగరం చుట్టూ తపతి ముఖద్వారం దాకా తాడ్, ఖజూరి చెట్లు విస్తారం. ఖజూరి మన ఈతే. 1670లలో సూరత్ ఫ్యాక్టరీలో వైద్యుడిగా ఉన్న జాన్ ఫ్రయర్ తన గ్రంథంలో తాడిచెట్టును ‘బ్రాబ్’ అన్నాడు. దాని ఆకులను నెమలిపురితో పోల్చాడు. ‘బ్రాబ్’ అన్నది ఆంగ్లపదం కాదు. కొబ్బరి తెలిసిన పోర్చుగీసువారు తాడిని అడవి కొబ్బరి అనే అర్థంలో ‘బ్రావా’ అన్నారు. ఆ విశేషణం అరిగి పడమటితీరపు ఆంగ్లేయుల నోట చెట్టుకు పేరయింది. రైతు పొలం గట్టుమీద పెంచుకుని, గెల లెక్కన ఆదాయం తీసుకునే చెట్టుకు పరాయివాడు పెట్టిన పేరు ‘అడవిది’ అని. బొమ్మకంటె ముందే పేరులో కొంత వదిలివేత జరిగిపోయింది.

సూరత్, భరూచ్ ప్రాంతాల ప్రకృతిని నీటిరంగులలో పట్టుకున్నవాడు జేమ్స్ ఫోర్బ్స్. 1760లలో పదహారు పదిహేడేళ్ళ ప్రాయంలో బొంబాయికి గుమాస్తాగా వచ్చి, 1775లో రఘునాథరావుకు సాయంగా వెళ్ళిన ఆంగ్ల సైన్యంతో గుజరాత్ తిరిగి, తరువాత భరూచ్‌లోను, డభోయి కలెక్టరుగాను ఉండి 1784లో స్వదేశం వెళ్ళిపోయాడు. ఆయన రాతలు, బొమ్మలు 52,000 పుటలని ఆయనే చెప్పుకున్నాడు. వాటినుంచి తీసినదే 1813లో నాలుగు సంపుటాలుగా వెలువడిన ‘ఓరియంటల్ మెమోయిర్స్’. మూల చిత్రాలున్న 13 సంపుటాల రాతప్రతి ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ కళాకేంద్రంలో ఉంది. ఫోర్బ్స్ శిక్షణ పొందిన చిత్రకారుడు కాడు, వృక్షశాస్త్రజ్ఞుడూ కాడు. ఆయన పువ్వులకు జీవముంది, ఆ పువ్వుల మీద వాలిన పురుగులకు, పిట్టలకు అంతకన్న ఎక్కువ జీవముంది. నర్మదలోని కబీర్‌వడ్ మర్రిని చిత్రించినప్పుడు ఆయనకు దాని విస్తారం మీద ఉన్న ఆశ్చర్యం పుట నిండా పరచుకుంటుంది. తాళవృక్షాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి ఆయనకు దృశ్యానికి అంచులు. గుడికి పక్కన ఒకటి, చెరువు గట్టున మూడు. అందం ఉంది, పరిశీలన తక్కువ. ఆయన్ను తప్పుపట్టనక్కరలేదు, ఆయన స్నేహితులకు లేఖలు రాస్తున్నాడు, వృక్షశాస్త్రం కాదు.

పడమటి తీరాన కంపెనీ ప్రభుత్వం ఆ పని చేయించనూ లేదు. సూరత్ వారికి వస్త్రాల కొట్టు, నీలిమందు రేవు. 18వ శతాబ్ది చివరికి ఆ వైభవమూ బొంబాయికి తరలిపోయింది. 1839లో జాన్ గ్రాహం అచ్చువేసిన బొంబాయి ప్రాంతపు మొక్కల పట్టికలో దీవు తీరాన కొమ్మలు చీలి పెరిగే వింత తాళజాతి, గుజరాతీలు ‘హోకా’ అనే చెట్టు, శాస్త్రంలో తొలిసారిగా నమోదయింది. కాని ఆ పుస్తకంలో బొమ్మలు లేవు. చీలిన కొమ్మలున్న తాళవృక్షమంటే బొమ్మ లేనిదే ఎవరు నమ్ముతారు? 1847–50 మధ్య పూనా దగ్గర దాపురి తోటలో అలెగ్జాండర్ గిబ్సన్ వేయించిన చిత్రాలు చక్కనివి; వేసిన చిత్రకారుడు పోర్చుగీసు ఇండియన్ అన్నంతవరకే తెలుసు, పేరు దక్కలేదు.

తాళవృక్షం నీటిరంగులలో శాస్త్రీయంగా, సంపూర్ణంగా రూపొందిన చోటు తూర్పుతీరం, అందులోనూ గోదావరి మండలం. విలియం రాక్స్‌బర్గ్ మద్రాసు వైద్య సర్వీసులో 1776లో చేరి, 1781 ప్రాంతాల నుండి సామర్లకోటలో నివసించాడు. 1787 ఉప్పెనలో కోరంగి తీరంతోపాటు ఆయన సేకరణలూ కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని మొక్కలను చూసి చిత్రింపజేశాడు. 1794 నాటికి 500 చిత్రాలు, వర్ణనలు లండన్‌కు చేరాయి. వాటినుంచి జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 ఫలకాలు 1795 నుండి 1820 వరకు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్’ పేరిట మూడు సంపుటాలుగా వచ్చాయి. చెక్కినవాడు మెకెంజీ. మొదటి సంపుటంలో 71, 72 ఫలకాలు తాడి. 73 కొబ్బరి, 74 చిట్టీత, 75 పోక. గోదావరి లంకల నుండి కోరంగి ఇసుక దాకా ఒక మనిషి రెండు రోజులు నడిస్తే ఎదురయ్యే చెట్లే ఇవి.

తాడి ఫలకాల విషయంలో వాన్ రీడే సంప్రదాయానికి, దీనికి తేడా గమనించదగినది. ఇక్కడా రెండు ఫలకాలే, మగ ఒకటి, ఆడ ఒకటి. కాని వాన్ రీడే గ్రంథంలో రెండు పేర్లు, రెండు చెట్లన్నట్లు ఉన్నవి ఇక్కడ ఒకే పేరు కింద ఒకే జాతికి రెండు రూపాలుగా చేరాయి. తెలుగువారి ‘పోతుతాడు’, ‘పెంటితాడు’ అన్న మాటలను రాక్స్‌బర్గ్ వర్ణనలో యథాతథంగా నమోదు చేశాడు. ఒకే చెట్టులో ఆడ మగ భేదముందని ఈ నేలమీద గీతగాడికీ రైతుకూ పండితుడికంటె ముందే తెలుసు. ఆ జ్ఞానమే ఫలకాల కూర్పుకు వెన్నెముక అయింది. చిత్రకారుడు చెట్టును చిన్నదిగా చేసి ఒక పక్కకు తప్పించి, గెలకు, పువ్వుకు, కాయకు పుటను అప్పగించాడు. దీనిని రాజీ అని కొట్టివేయడం సరికాదు. తాటిచెట్టు కింద నిలబడి పైకి చూసేవాడికి చెట్టు సన్నగా, దూరంగా కనిపిస్తుంది. గెల కోసి కిందికి దించాకే అది చేతికి బరువుగా తగులుతుంది. ఈ ఫలకాల నిష్పత్తి నేలమీద నిలబడినవాడి అనుభవానికి దగ్గరగా ఉంది.

రంగుల సంగతి కొంత విడిగా చెప్పుకోవాలి. అచ్చు ప్రతులలోని రంగు లండన్‌లో చేత్తో పూసినది. పూసినవారు తాటిచెట్టు చూసినవారు కారు. ప్రతికీ ప్రతికీ ఆకుపచ్చ మారుతుంది. అచ్చు ఫలకాలను చూసి భారతీయ చిత్రకారుని రంగుజ్ఞానాన్ని అంచనా కట్టడం అన్యాయం. దానికి మూలచిత్రాలే ప్రమాణం. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా ఉద్యానానికి మారి, 1813 వరకు చేయించినవాటితో కలిపి 2,500కు పైగా చిత్రాలు హౌరాలో, శిబ్‌పూర్ ఉద్యానంలోని కేంద్రీయ జాతీయ వృక్షసంగ్రహాలయంలో ఉన్నాయి. ఆ కాలపు భారతీయ చిత్రకారుల చేతిలో నీటిరంగు ఆంగ్లేయ పద్ధతిలో పలుచగా పారదు. చిక్కగా, పూతమీద పూతగా నిలుస్తుంది. మట్ట, బోదె, ఎండిన గెల వంటి గరుకు పదార్థానికి ఆ చిక్కదనమే అతికినట్లు సరిపోతుంది. పచ్చరంగును తరచు నీలిమందుకు పసుపుపచ్చ కలిపి తయారుచేసేవారు. వెలుతురు తగిలిన చిత్రాలలో పసుపు వెలిసి, ఆకులు నీలంగా మిగులుతాయి. నీలి ఆకుల తాడిని చూసి పాత చిత్రకారుడికి వర్ణదృష్టి లేదని తీర్మానించిన ప్రదర్శన సమీక్షలు లేకపోలేదు. లోపం చిత్రకారుడిది కాదు, చిత్రాన్ని కిటికీ ఎదుట తగిలించినవారిది.

ఈ ఐదు ఫలకాలలో అన్నిటికంటె చిన్న చెట్టుదే అన్నిటికంటె పెద్ద కథ. 74వ ఫలకం చిట్టీత. కోరంగి దగ్గరి ఇసుక నేలల్లో, ఎందుకూ పనికిరాని బీడుల్లో పొదలుగా పెరుగుతుంది. ఆకులు తీసివేస్తే బోదె పొడవు 15 నుండి 18 అంగుళాలు, లావు 6 అంగుళాలు. అంటే తాళ కుటుంబంలో పుటతో కయ్యం పెట్టుకోని చెట్టు ఇది. చిత్రకారుడికి దీన్ని కుదించి చిన్నబుచ్చవలసిన అవసరం కలగలేదు. ఈ బోదె లోపల పిండి ఉంటుంది. కరువు రోజులలో పేదలు దానిని చీల్చి, ఎండబెట్టి, రోట్లో దంచి, పీచు జల్లించి, గంజి కాచుకునేవారు, కొంచెం చేదు. 1790 చివరినుండి 1792 దాకా బియ్యం దొరకక, దొరికినా కొనలేక జనం అల్లాడినప్పుడు ఈ పిండి ఎన్నో ప్రాణాలు నిలిపిందని రాక్స్‌బర్గ్ ఈ ఫలకం వర్ణనలో నమోదు చేశాడు. అందుకే చెట్టుకు ‘ఫీనిక్స్ ఫారినిఫెరా’, పిండినిచ్చే ఈత, అని పేరు పెట్టాడు. ఉత్తర సర్కారుల ఆ కరువు మీద ప్రభుత్వ దస్తావేజులలో ధాన్యం ధరలు, బకాయీలు దొరుకుతాయి. జనం ఏమి తిని బతికారో ఒక మొక్క బొమ్మ కింద దొరుకుతుంది.

ఆ పేరు కూడా నిలవలేదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు గేర్ట్‌నర్ 1788లో పెట్టిన ‘ఫీనిక్స్ పుసిల్లా’ ముందటిదని, రెండూ ఒకే జాతి అని తేల్చి, ప్రాథమ్య నియమం ప్రకారం ఆధునిక వర్గీకరణ దానినే స్వీకరించింది. పుసిల్లా అంటే చిన్నది అని అర్థం. నియమం సబబైనదే. కాని కరువును గుర్తుపెట్టుకున్న పేరు పోయి, కొలతను మాత్రమే చెప్పే పేరు మిగిలింది. తెలుగు ‘చిట్టీత’ కూడా చిన్నతనాన్నే చెబుతుంది గనుక మనవారు ఫిర్యాదు చేయడానికి వీలులేదు.

మరి ఈ చిత్రాలు వేసినవారెవరు? రాక్స్‌బర్గ్ గ్రంథంలో రచయిత పేరుంది, ఎంపిక చేసినవారి పేరుంది, చెక్కినవాడి పేరుంది. వేసినవారి పేరు లేదు. మొక్కకు తెలుగు పేరు శ్రద్ధగా అడిగి రాసుకున్న మనిషి, పక్కనే కుంచె పట్టుకుని కూర్చున్నవాడి పేరు అచ్చుకు ఎక్కించలేదు. ఇది కాలధర్మమని సర్దుకుపోవడం కుదరదు; ఎందుకంటే అదే మద్రాసు రాజధానిలో తరువాతి తరం వేరుగా ప్రవర్తించింది. రాబర్ట్ వైట్ 19వ శతాబ్దిలో ప్రచురించిన వేలాది ఫలకాలలో చిత్రకారుడు రంగయ్య పేరు అచ్చయింది. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని నామకరణం చేశాడు. వీరు తంజావూరు చిత్రకార సంప్రదాయానికి చెందినవారు. ఎడిన్‌బరో పరిశోధకుడు హెన్రీ నోల్టీ 2007లో మూడు సంపుటాలు వీరికే కేటాయించాడు. చేయదలచుకుంటే చేయవచ్చునని దీనివల్ల రుజువవుతున్నది. నేటికీ విదేశాలలోనూ, మన దేశంలోనూ జరిగే ప్రదర్శనలలో ‘రాక్స్‌బర్గ్ చిత్రాలు’ అని అట్ట కడుతున్నారు. రాక్స్‌బర్గ్ చిత్రింపజేసినవి అనడం కనీస న్యాయం. సామర్లకోటలో తాటాకుమీద గంటంతో రాసే కాలంలోనే, విదేశీ కాగితంమీద తాటాకు బొమ్మ వేయవలసివచ్చిన తొలి తెలుగు చేయి అది. ఆ చేతిని ‘స్థానిక సహాయం’ అనే పద్దు కింద వేయడం లెక్కల తప్పు.

పేరు లేకపోవడం ఒకటి, మనిషే లేకపోవడం ఇంకొకటి. ఈ ఫలకాలలో ఎక్కడా చెట్టు ఎక్కేవాడు కనబడడు. మోకు లేదు, గీతకత్తి లేదు, గెలకు కట్టిన లొట్టి లేదు. తెల్లని కాగితం మధ్య చెట్టు ఏ గట్టుదో, ఏ ఊరిదో తెలియకుండా నిలబడుతుంది. శాస్త్రచిత్రానికి అది నియమమే అనవచ్చు. అయితే 1800 ప్రాంతాలలో తంజావూరు, తిరుచిరాపల్లి చిత్రకారులు యూరోపియన్ కొనుగోలుదార్ల కోసం కులవృత్తుల చిత్రమాలలు వేశారు. వాటిలో కల్లుగీతవాడు తప్పక ఉంటాడు, కుండలతో, కత్తితో, పక్కన భార్యతో. అక్కడ మనిషి వేషం, పనిముట్టు నిశితంగా ఉంటాయి; చెట్టు మాత్రం కర్ర పుల్లకు ఈకలు గుచ్చినట్లుంటుంది. ఒక కాగితంమీద మనిషి లేని చెట్టు, మరో కాగితంమీద చెట్టు కాని చెట్టుతో మనిషి. రెండూ కొన్నవాడు ఒకడే. మొదటిదాన్ని వృక్షశాస్త్రం అరలోను, రెండవదాన్ని జాతుల వింతల అరలోను పెట్టుకున్నాడు. మన సంగ్రహాలయాలు కూడా ఆ అరలను ఇప్పటికీ మార్చలేదు. తాడి మీద ఒక ప్రదర్శన పెట్టి, 72వ ఫలకాన్ని, గీతగాడి చిత్రాన్ని ఒకే గోడమీద వేలాడదీస్తే, ఒక్కొక్కటి విడిగా దాచింది పక్కదాంట్లో బయటపడుతుంది.

చెట్టునూ మనిషినీ కలిపి చూసిన దస్తావేజు ఒకటున్నది, అది ఆబ్కారీ రిజిస్టరు. దానిని అర్థం చేసుకోవడానికి మళ్ళీ సూరత్‌కే రావాలి. 1878 బొంబాయి ఆబ్కారీ చట్టంతో ఆ జిల్లాలో తాడి, ఖజూరి చెట్లు సర్కారు లెక్కకు ఎక్కాయి. గీతకు లైసెన్సు, చెట్టుకు పన్ను, అమ్మకానికి దుకాణం హక్కు. అంతకుముందు ఇంటి ముంగిట చెట్టు గీసుకుని తాగిన ఆదివాసి ఆ తరువాత నేరస్థుడయ్యాడు. ఆచారం నేరంగా మారిన ఈ క్రమాన్ని డేవిడ్ హార్డిమన్ దక్షిణ గుజరాత్ మీద తన రచనలలో వివరంగా చూపాడు. దుకాణాలు ఎక్కువగా పార్సీ వర్తకుల చేతిలో ఉండేవి. 1922–23లో సూరత్ జిల్లా ఆదివాసులలో వ్యాపించిన దేవీ ఉద్యమంలో జనం తాడిని, సారాను మూకుమ్మడిగా మానేశారు. రిజిస్టరులోనుండి తమ పేర్లు తామే కొట్టివేసుకున్నట్లయింది. చిత్రకారుడు వదిలేసిన మనిషిని గుమాస్తా పట్టుకున్నాడు. కాని పట్టుకున్నది బకాయిదారుగా, లేదా ముద్దాయిగా.

తెలుగుదేశపు పాఠకుడికి ఇది పరాయి కథ కాదు. గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, యాత కుటుంబాల చరిత్ర అంతా చెట్టు పన్ను చుట్టూ, వేలంపాట చుట్టూ తిరిగినదే. తెలంగాణ జిల్లాల నుండి సూరత్‌కు వలసవెళ్ళి, మరమగ్గాలమీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలకు అక్కడి వేసవి బజారులో ‘గలేలీ’ అని అమ్మే తాటిముంజెలను చూసినప్పుడు భాష అడ్డం రాదు. శీతకాలపు పొద్దుటి వేళల్లో ‘నీరో’ అమ్మేచోట కూడా అంతే. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో పులియని నీరాకు చోటుంది, పులిసినదానికి లేదు. చెట్టు మాత్రం ఒకటే.

లెక్కకు ఎక్కిన చెట్టు గొడ్డలికీ ఎక్కింది. 1930లో దండి యాత్ర తరువాతి వారాల్లో, సూరత్ జిల్లాలో సత్యాగ్రహులు గాంధీజీ పిలుపు మీద కల్లుచెట్లను నరికారు; 1947లో నిజాం రాజ్యంలో స్టేట్ కాంగ్రెస్ ఉద్యమకారులు ఆబ్కారీ రాబడిని దెబ్బతీయడానికి ఈత, తాటి చెట్లను నరికారు. రెండు చోట్లా గొడ్డలి వేటు చెట్టుమీద కాదు, పద్దుమీద. ఆ నరికివేతల్లో గీతగాడు ఏమి కోల్పోయాడన్నది ఉద్యమ చరిత్రలలోనూ పలుచగానే ఉంది. సూరత్ పొలాల గట్లమీద ఆనాడు కూలిన ఖజూరి, సామర్లకోట డాక్టరు తెలుగువారి ‘ఈత’ అనే మాటను నమోదు చేసుకుని ‘ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్’ అని వర్ణించిన చెట్టే. సిల్వెస్ట్రిస్ అంటే లాటిన్‌లో అడవిది.